చార్మినార్ నుంచి లాడ్ బజార్‌కు ఏడు స్టాపులు

మే నెల, మిట్టమధ్యాహ్నం. చార్మినార్ ముందు ఎండలో నిలబడి ఐఎస్‌ఓ 100, ఎఫ్/8, 1/500 సెకను పెట్టి తీస్తే ఫొటోలో వెలుతురు సరిగ్గా పడుతుంది. (ఐఎస్‌ఓ అంటే పట్టిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలనేది, ఎఫ్ అంకె లెన్స్ కన్నం ఎంతో చెబుతుంది, సెకను భాగం షట్టర్ అనే తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలో చెబుతుంది.) అక్కడి నుంచి నాలుగడుగులు వేసి లాడ్ బజార్‌లో ఏదో ఒక గాజుల కొట్టులోకి వెళ్లి, ఏమీ మార్చకుండా మళ్లీ నొక్కండి. వెలుగుతున్న బల్బులు తప్ప తెరంతా నలుపే. కొట్టులో చీకటిగా ఉందా అంటే, లేదు. లక్క గాజుల మీది రాళ్లు జిగేల్మంటున్నాయి, బేరమాడే వాళ్ల ముఖాలు చక్కగా కనిపిస్తున్నాయి. మన కన్ను క్షణాల్లో సర్దుకుంది. కెమెరాకు మాత్రం మనం చెప్పాలి. ఎఫ్/2.8, 1/250, ఐఎస్‌ఓ 800 అని చెబితే బొమ్మ వస్తుంది.

ఈ రెండు సెట్టింగుల మధ్య దూరం ఎంతో లెక్కేద్దాం. ఎఫ్/8 నుంచి ఎఫ్/2.8కి మూడు స్టాపులు. 1/500 నుంచి 1/250కి ఒకటి. ఐఎస్‌ఓ 100 నుంచి 800కి మూడు. మొత్తం ఏడు. స్టాప్ అంటే రెట్టింపు కావడం, లేదా సగం కావడం. ఏడుసార్లు రెట్టిస్తే 128. అంటే కొట్టులో ఉన్నది బయటి వెలుతురులో 128వ వంతు మాత్రమే. కంటికి తెలియని ఈ తేడాను లెక్కపెట్టడం వస్తే ఫొటోగ్రఫీలో సగం పని వచ్చినట్టే.

ఆటో మోడ్‌లో పెడితే కెమెరానే చూసుకుంటుంది కదా అనొచ్చు. చూసుకుంటుంది. అదే ఏడు స్టాపులను ఇంకో రకంగానూ సర్దవచ్చు: ఎఫ్/8 అలాగే ఉంచి, ఐఎస్‌ఓ 100 కదపకుండా, షట్టర్‌ను 1/4 సెకనుకు దించినా వెలుతురు లెక్క సరిపోతుంది. ఫొటోలో మాత్రం గాజులు తొడుగుతున్న చెయ్యి పొగలా అలుక్కుపోతుంది. మూడు మీటల్లో ఏది తిప్పినా స్టాపు స్టాపే, కానీ ఒక్కోదాని వెంట ఒక్కో పర్యవసానం వస్తుంది. ఎంత వెలుతురు కావాలో కెమెరాలోని వెలుతురు కొలిచే మీటర్ చెప్పగలదు. ఏ పర్యవసానం మనకు పనికొస్తుందో అది చెప్పలేదు, దానికి తెలియదు.

ముందు పెట్టె సంగతి

కెమెరా అంటే మొదట ఒక చీకటి గది. ఇంట్లోనే చేసి చూడొచ్చు, పిల్లలుంటే తప్పకుండా చేయండి. ఎదురింటి మీద ఎండ పడుతున్న వేళ గది కిటికీని మందపాటి అట్టతో మూసేసి, తలుపు సందుల్లో బట్టలు కుక్కండి. అట్ట మధ్యలో చిటికెన వేలు పట్టేంత, అంటే 8 నుంచి 10 మి.మీ. కన్నం చేయండి. ఐదారు నిమిషాలు ఆగితే ఎదురిల్లు, దాని డాబా మీది నీళ్ల ట్యాంకు, ఆరేసిన బట్టలు, అన్నీ రంగులతో సహా తలకిందులుగా మీ గోడ మీద కనిపిస్తాయి. వెలుతురు తిన్నగా ప్రయాణిస్తుంది కాబట్టి పైనుంచి వచ్చినది కన్నం దాటి కిందికి, కిందినుంచి వచ్చినది పైకి పోతుంది.

ఇప్పుడు కన్నం చిన్నది చేయండి. బొమ్మ గీతలు తేలతాయి, కానీ వెలుగు తగ్గుతుంది. పెద్దది చేస్తే వెలుగు పెరుగుతుంది, గీతలు చెదిరిపోతాయి. లెన్స్ పుట్టింది ఈ చిక్కు విప్పడానికే. 100 మి.మీ. లోతున్న డబ్బాకు మంచి స్పష్టతనిచ్చే సూది కన్నం సుమారు 0.45 మి.మీ. ఉంటుంది. అది ఎఫ్/222 అన్నమాట. ఐఎస్‌ఓ 100 మీద నడినెత్తి ఎండలో కూడా రెండు సెకన్లు తెరిచి ఉంచాలి. అదే ఒక లెన్స్ ఎఫ్/2 దగ్గర దానికి పన్నెండు వేల రెట్లకు పైగా వెలుతురును లోపలికి తెచ్చి, ఆ కిరణాలన్నిటినీ ఒక్కచోటికి వంచుతుంది. ఫోకస్ చేయడం అంటే ఆ ఒక్కచోటు సరిగ్గా బొమ్మను పట్టే సెన్సర్ మీద పడేలా లెన్స్‌లోని అద్దాలను ముందుకూ వెనక్కూ జరపడమే.

కన్నం ఎంత

అపర్చర్ (లెన్స్ కన్నం) అంకెలు తికమకగా కనిపించడానికి కారణం అవి భిన్నాలు కావడం. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద రాసి ఉండే మి.మీ. అంకెను) కన్నం వెడల్పుతో భాగిస్తే ఎఫ్ నంబర్ వస్తుంది. 50 మి.మీ. లెన్స్‌లో ఎఫ్/2 అంటే 25 మి.మీ. కన్నం, ఎఫ్/4 అంటే 12.5, ఎఫ్/8 అంటే 6.25. అందుకే అంకె పెరిగితే కన్నం చిన్నదవుతుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది కాబట్టి ఎఫ్/2 నుంచి ఎఫ్/4కి ఒకటి కాదు, రెండు స్టాపులు. మధ్యలో ఉండేది ఎఫ్/2.8. వరస ఇది: 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఒక్కొక్కటీ ముందుదానికి 1.4 రెట్లు. దీన్ని ఎక్కాల్లా నోటికి పట్టేయాల్సిందే. డయల్ తిప్పితే మధ్యలో 3.2, 3.5, 6.3 వంటివి కూడా వస్తాయి. అవి స్టాపులో మూడో వంతులు.

కన్నం మారితే వెంట వచ్చేది స్పష్టత లోతు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 50 మి.మీ. లెన్స్, 2 మీటర్ల దూరంలో మనిషి అనుకుందాం. ఎఫ్/1.8 దగ్గర ముందూ వెనకా కలిపి 17 సెం.మీ. మేరకే స్పష్టంగా ఉంటుంది. ఎఫ్/4 దగ్గర 39 సెం.మీ., ఎఫ్/8 దగ్గర సుమారు 80. పెళ్లిపీటల మీద వధూవరులు పక్కపక్కనే కూర్చున్నా, మీరు ఓ పక్కగా నిలబడి తీస్తే ఇద్దరి కళ్ల మధ్య లోతులో జానెడు పైనే తేడా వస్తుంది. ఎఫ్/1.8లో అమ్మాయి కన్ను మెరుస్తుంది, అబ్బాయి మసకబారిపోతాడు. వెనక బ్యాక్‌గ్రౌండ్ కరిగిపోవాలనే మోజులో ఎన్నో జంట ఫొటోలు ఇలాగే పాడవుతున్నాయి. ఇద్దరుంటే ఎఫ్/4, మూడు వరసల గ్రూప్ ఫొటోకి ఎఫ్/8 పెట్టి మొదటి వరస మీద కాకుండా రెండో వరస మీద ఫోకస్ చేయండి.

గోల్కొండ పైనుంచి ఊరంతా రావాలి, కాళ్ల దగ్గరి రాయి కూడా స్పష్టంగా ఉండాలి అనుకుంటే 24 మి.మీ. లెన్స్‌కు ఎఫ్/8 చాలు. ఫోకస్ 2.4 మీటర్ల దగ్గర పెడితే 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా అంతా నిలుస్తుంది. ఇంకా స్పష్టత కోసమని ఎఫ్/22కి పోవద్దు. చిన్న కన్నం దాటేటప్పుడు వెలుతురు పక్కలకు పరుచుకుంటుంది. ఎఫ్/8 దగ్గర ఒక చుక్క సెన్సర్ మీద 11 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) వృత్తంగా పడితే, ఎఫ్/22 దగ్గర 30 మైక్రాన్లు అవుతుంది. 24 మెగాపిక్సెళ్ల ఫుల్ ఫ్రేమ్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ 6 మైక్రాన్లే. ఫొటో మొత్తం సన్నటి గుడ్డ కప్పినట్టు మెత్తబడుతుంది. పైగా ఎఫ్/16 దాటగానే సెన్సర్ మీది దుమ్ము ఆకాశంలో నల్లటి మచ్చలై బయటపడుతుంది. కోట గాలిలో లెన్స్ మారిస్తే దుమ్ము పడక తప్పదు. మార్చేటప్పుడు కెమెరా నోరు కిందికి తిప్పి పట్టుకోండి. రబ్బరు బ్లోయర్‌తోనే ఊదండి, నోటితో ఊదితే తుంపర పడి మరక అంటుకుపోతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో పాత లెన్స్ చూసేటప్పుడు ఒక పరీక్ష చేయండి. చాలా కెమెరాల్లో ఫొటో తీసేదాకా లెన్స్ పూర్తిగా తెరిచే ఉంటుంది, మీట నొక్కిన క్షణంలోనే కన్నాన్ని చిన్నది చేసే బ్లేడ్లు మూసుకుంటాయి. ఎండకు అందులోని జిడ్డు కరిగి బ్లేడ్ల మీదికి పాకితే అవి వేళకు మూసుకోవు. తెల్లగోడను ఎఫ్/2.8, 1/1000తో ఒకటి, ఎఫ్/8, 1/125తో ఒకటి, ఎఫ్/16, 1/30తో ఒకటి తీయండి. మూడూ ఒకే వెలుగులో రావాలి. ఎఫ్ నంబర్ పెరిగేకొద్దీ ఫొటో తెల్లబడుతుంటే బ్లేడ్లు బద్ధకిస్తున్నట్టే. తర్వాత ఫోన్ టార్చ్‌ను ఒకవైపు నుంచి వేసి రెండోవైపు నుంచి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఫంగస్. ధర ఎంత తగ్గించినా వదిలేయడమే మేలు.

ఫోన్ కెమెరాల్లో చాలావాటికి కన్నం మారదు. ఎఫ్/1.8 అని గొప్పగా రాసినా అసలు ఫోకల్ లెంగ్త్ ఆరేడు మిల్లీమీటర్లే కాబట్టి కన్నం మూడు నాలుగు మిల్లీమీటర్లకు మించదు. అందుకే అన్నీ స్పష్టంగా వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్‌లో వెనక కనిపించే మసక లెక్కలతో పూసినది. జుట్టు అంచుల దగ్గరా, జుంకాల సందుల్లోనూ అది దొరికిపోతుంది.

తలుపు ఎంతసేపు

షట్టర్ లెక్క సులువు. 1/125 కంటే 1/250 ఒక స్టాప్ తక్కువ. దాని పర్యవసానం కదలిక. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 10 మీటర్లు కదులుతుంది. 1/100 సెకనులో 10 సెం.మీ. జరుగుతుంది, 1/1000లో ఒక్క సెంటీమీటరే.

నిలబడి మాట్లాడుతున్న మనిషికి 1/125 సరిపోతుంది. నడుస్తుంటే 1/250. బోనాల్లో చెర్నాకోల ఝళిపించే పోతరాజును ఆపాలంటే 1/1000, సాయంత్రం పూట వెలుతురు అంతకు ఒప్పుకోకపోతే 1/500 అయినా ఉండాలి. తలంబ్రాల బియ్యం గాలిలో ముత్యాల్లా నిలవాలంటే 1/500, ధారలా జారాలంటే 1/60. రెండూ అందమే, ముందే తేల్చుకోవాలి అంతే. బతుకమ్మ ఆటకు మాత్రం అతివేగం పనికిరాదు. 1/1000లో తీస్తే ఆడవాళ్లంతా వంగినవాళ్లు వంగినట్టే బిగుసుకుపోతారు, ఆట పోతుంది. ట్రైపాడ్ మీద 1/4 సెకను పెట్టండి. నడుమ పేర్చిన తంగేడు, గునుగు పూలు కదలకుండా నిలుస్తాయి, చుట్టూ చీరల రంగులు వలయమై తిరుగుతాయి.

చేతిలో పట్టుకుని తీసేటప్పుడు ఫోకల్ లెంగ్త్ ఎంతో షట్టర్ కనీసం అన్నో వంతు ఉండాలనేది పాత లెక్క: 50 మి.మీ.కి 1/60, 200 మి.మీ.కి 1/250. చిన్న సెన్సర్ కెమెరా అయితే ఒకటిన్నర రెట్లు పెంచుకోండి. లెన్స్‌లోనో బాడీలోనో ఉండే స్టెబిలైజర్ మూడు నాలుగు స్టాపులు వెసులుబాటు ఇస్తుంది. అయితే అది మన చేతి వణుకును ఆపుతుందే గానీ ఎదుటివాళ్ల కదలికను కాదు. 1/15లో గోడలు చక్కగా, మనుషులు దయ్యాల్లా వచ్చే ఫొటోలు ఈ భ్రమతో తీసినవే.

ఇక మన ఊళ్లో అందరినీ పీడించే సమస్య చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 చక్రాలు, ఒక్కో చక్రంలో వెలుగు రెండుసార్లు లేస్తుంది. దాంతో ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. 1/100 లేదా 1/50 పెడితే ఆ చక్రాలు పూర్తిగా ఇమిడి వెలుతురు సమంగా పడుతుంది. 1/500 పెడితే ఒక ఫొటో వెలుగ్గా, దాని వెనకదే చీకటిగా, లేదంటే ఒకే ఫొటోలో అడ్డచారలుగా వస్తుంది. సైలెంట్ అని ఉండే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో ఇంకా ఘోరం. అది సెన్సర్‌ను పైనుంచి కిందికి వరసలవారీగా చదువుతుంది, ఆ లోపల లైటు చాలాసార్లు మారిపోతుంది. గాజుల కొట్టులోనైనా, ఫంక్షన్ హాల్లోనైనా మెకానికల్ షట్టర్‌కు మారండి. మొదట్లో చెప్పిన 1/250 దగ్గర చారలు కనిపిస్తే 1/100కి దిగి ఐఎస్‌ఓ తగ్గించుకోండి. మెనూలో యాంటీ ఫ్లికర్ ఉంటే వేసి పెట్టండి.

అమెరికా నుంచి అన్నయ్యో అక్కో తెచ్చిన కెమెరా అయితే వీడియో మెనూ తెరిచి చూడండి. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి అది ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతిలో ఉంటుంది. వీడియోలో లైట్లు గుటుక్కు గుటుక్కుమంటూ ఊగుతుంటే కెమెరా చెడిపోయిందనుకుంటారు. మన దగ్గరి పాల్ (PAL) పద్ధతికి మార్చి, 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టండి. ఊగడం ఆగిపోతుంది. పెళ్లి స్టేజీ వెనక పెట్టే ఎల్‌ఈడీ తెరల లయ వేరు, అవి సెకనుకు వందలు వేలసార్లు కొట్టుకుంటాయి. వాటికి స్థిరమైన అంకె లేదు. షట్టర్‌ను కొద్దికొద్దిగా మారుస్తూ చారలు తగ్గే చోటు వెతుక్కోవాలి.

ఫ్లాష్ వాడినప్పుడు ఫొటోలో ఒకవైపు నల్లపట్టీ వస్తే అది ఫ్లాష్ తప్పు కాదు. షట్టర్‌లో రెండు తెరలుంటాయి. ఒకటి తెరుస్తుంది, రెండోది మూస్తుంది. చాలా కెమెరాల్లో 1/200, 1/250 దాకా సెన్సర్ మొత్తం ఒక్కసారిగా తెరిచి ఉండే క్షణం దొరుకుతుంది. అంతకంటే వేగంగా పెడితే రెండో తెర ముందే బయల్దేరుతుంది, సన్నటి సందు మాత్రమే జారుతుంది. ఫ్లాష్ వెలిగే వేళకు తెర కప్పిన భాగం నల్లగా మిగిలిపోతుంది.

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రాల్లో దర్బారు జనం అంత బిగదీసుకుని ఎందుకు ఉంటారంటే, షట్టర్ కథే ఒక కారణం. ఆనాటి గాజు పలకలు మన సెన్సర్లతో పోలిస్తే వెలుతురుకు చాలా మందంగా స్పందించేవి. కదిలితే చెరిగిపోయేవాళ్లు.

ఐఎస్‌ఓను చూసి భయపడొద్దు

సెన్సర్ మీది ఒక్కో పిక్సెల్ వెలుతురును ఎలక్ట్రాన్లుగా మార్చి దాచుకునే బుల్లి గొయ్యి. వాటికి రంగు తెలియదు. అందుకే పైన ఎరుపు, ఆకుపచ్చ, నీలం వడపోతలు గళ్లగా అమర్చారు. నాలుగు గళ్లలో రెండు ఆకుపచ్చ. కోడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ దీనికి 1976లో పేటెంట్ పొందాడు, ఇప్పటికీ దాదాపు అన్ని కెమెరాలకూ అదే ఆధారం.

ఐఎస్‌ఓ పెంచితే సెన్సర్ ఎక్కువ వెలుతురు పట్టదు. పట్టిన దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది. మరి నాయిస్, అంటే ఫొటోలో కనిపించే గరుకు, ఎక్కడిది? వెలుతురులోనే ఉంది. కాంతి కణాలు వానచినుకుల్లా లెక్కా పత్రం లేకుండా రాలుతాయి. ఒక పిక్సెల్‌లో సగటున 10,000 పడే చోట హెచ్చుతగ్గు 100, అంటే ఒక శాతం. 100 మాత్రమే పడే చోట హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. ఆ పది శాతమే మనకు ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది. కాబట్టి నాయిస్‌కు మూలం వెలుతురు తక్కువ కావడం. ఐఎస్‌ఓ 400 దగ్గరే ఉంచి చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్‌లో మూడు స్టాపులు లేపితే ఏ లాభమూ లేదు, చాలా కెమెరాల్లో ఇంకా అధ్వానం. ఐఎస్‌ఓ 3200 పెట్టి సరిగ్గా తీయండి. నాయిస్‌ను సాఫ్ట్‌వేర్ తగ్గించగలదు, వణికిన ముఖాన్ని బాగుచేయడం కష్టం.

ఫోన్ నైట్ మోడ్ చేసేది కూడా ఇదే లెక్క. 16 ఫ్రేములు తీసి సగటు కడితే నాయిస్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ రెండు మూడు సెకన్లు ఫోన్‌ను పిట్టగోడకు ఆనించి ఉంచితే తేడా మీకే తెలుస్తుంది.

గొయ్యి నిండిపోతే మాత్రం తిరుగు లేదు. తెల్లబడిన ఆకాశంలో మబ్బులను ఎవరూ తిరిగి తేలేరు. బతుకమ్మ ఫొటోల్లో తంగేడు పూలు రేకులు తెలియకుండా పసుపు ముద్దలా వస్తుంటాయి. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ గళ్లు రెండూ నిండిపోయి నీలం ఖాళీగా ఉంటుంది. మామూలు హిస్టోగ్రామ్ (వెలుగు చీకట్ల పంపకం చూపే గ్రాఫు) సగటు చూపిస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు కుడిగోడకు తగులుతుంటే సెట్టింగును ఒక స్టాపులో మూడింట రెండు వంతులు దించండి. బంతిపూల దండలకూ ఇదే మందు.

మీటర్ నమ్మకం

కెమెరాలోని మీటర్‌కు ఒకే ఒక్క నమ్మకం: ఎదురుగా ఉన్నదంతా సగటున ఒక మధ్యరకం బూడిద రంగు. తెల్ల పాలరాతి బిర్లా మందిర్‌ను ఫ్రేమ్ నిండా పెడితే అది కాస్తా బూడిదగా దిగుతుంది. ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా కాంపెన్సేషన్ ఇవ్వాలి, అంటే మీటర్ చెప్పినదానికంటే అన్ని స్టాపులు వెలుగు పెంచాలి. దీపావళి వెళ్లాక నారాయణగూడలో సదర్ పండుగకు వచ్చే దున్నపోతుల సంగతి సరిగ్గా తిరగబడుతుంది. నూనె రాసిన నల్లటి ఒళ్లు ఫ్రేమ్ నిండితే మీటర్ దాన్ని బూడిద చేయబోయి, మెడలోని పూలదండలనూ వెనకున్న లైట్లనూ తెల్లగా కాల్చేస్తుంది. మైనస్ 1 నుంచి మైనస్ 1.7 పెడితే నలుపు నలుపుగా, ఒంటి మీది మెరుపు మెరుపుగా వస్తాయి.

మన ముఖాల విషయం ఇక్కడే చెప్పాలి. చామనఛాయ మనిషి ముఖం ఇంచుమించు ఆ మధ్యరకం బూడిద వెలుగులోనే ఉంటుంది. ఒక్క చుక్కంత చోటునే కొలిచే స్పాట్ మీటర్‌ను చెంప మీద పెట్టి సున్నా దగ్గర తీస్తే ఉన్న రంగు ఉన్నట్టు వస్తుంది. ఇంకాస్త నలుపైతే మైనస్ 0.7. పెళ్లి ఆల్బమ్‌ల కోసం ఒక స్టాప్ పైకి లేపి, అమ్మాయి ముఖాన్ని సున్నం కొట్టినట్టు చేయడం అలవాటైపోయింది. దాంతో పోయేది రంగొక్కటే కాదు. బుగ్గ మీది వంపు, ముక్కుపుడక నీడ, పసుపు రాసిన మెరుపు, అన్నీ ఆ తెలుపులో కొట్టుకుపోతాయి. ఆమె ముఖం ఆమెకు దక్కాలి.

స్పాట్ మీటర్‌కు ముఖం అందకపోతే మీ అరచేయి ఉంది. ఒంటి రంగు ఏదైనా అరచేయి దాదాపు అందరికీ ఒకేలా, మధ్యరకం కంటే ఒక స్టాప్ వెలుగ్గా ఉంటుంది. అదే వెలుతురులో అరచేతిని కొలిచి ప్లస్ 1 పెట్టుకుంటే చాలు.

ఎండ, నీడ, ఫ్లాష్

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారు స్తంభానికి నీడే ఉండదు. కానీ మనిషికి ఉంటుంది, కనుగుంటల్లో. ఆ వేళ ముఖాలు ఎండలో తీయొద్దు. చార్మినార్ కమాను కింద అంచుకు రెండు మూడడుగులు లోపల నిలబెట్టి, ముఖం బయటికి తిప్పమనండి. ఎండపడిన నేల నుంచి ఎగసే వెలుతురు కిందినుంచి కళ్లను వెలిగిస్తుంది. మూడు నాలుగు స్టాపులు తగ్గుతుంది కాబట్టి ఎఫ్/4, 1/250, ఐఎస్‌ఓ 100 దగ్గర మొదలుపెట్టి చూసుకోండి. వెనక ఎండ తగిలే గోడ లేకుండా చూడండి, లేకపోతే అది తెల్లగా పేలిపోతుంది.

ఫ్లాష్‌కు దూరమే అన్నీ. దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతు. గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె) 36 ఉన్న ఫ్లాష్ ఐఎస్‌ఓ 100 దగ్గర 4.5 మీటర్లకు ఎఫ్/8, 9 మీటర్లకు ఎఫ్/4 ఇస్తుంది. స్టేజీ మీద జంట వెలిగిపోయి వెనక బంధువులంతా చీకట్లో కలిసిపోయేది ఇందుకే. ఫ్లాష్ వెలుగు షట్టర్‌తో మారదు, అది షట్టర్ తెరిచి ఉన్నప్పుడు సెకనులో వెయ్యో వంతు పాటు మెరిసి ఆరిపోతుంది. హాల్లోని వెలుతురు మాత్రం షట్టర్‌తో మారుతుంది. కాబట్టి ఎఫ్/4, ఐఎస్‌ఓ 1600, షట్టర్ 1/50కి దించితే వెనకవాళ్లూ కనిపిస్తారు. తెల్ల సీలింగ్ పది పన్నెండడుగుల ఎత్తులో ఉంటే ఫ్లాష్‌ను పైకి తిప్పి కొట్టండి. సీలింగ్‌కు ఎర్రటి బట్టలు కట్టి ఉంటే వద్దు, ఆ రంగంతా ముఖాల మీదికి దిగుతుంది.

రంగు గురించి ఒక్క మాట చాలు. పసుపు బల్బు 2700 కెల్విన్, తెల్ల ట్యూబ్‌లైట్ 6500. రెండూ కలిపి వెలిగితే రంగులను సరిచేసే ఏ వైట్ బ్యాలెన్సూ కాపాడదు. ఒకదాన్ని ఆర్పేయండి.

ఇవన్నీ ఒక్క సాయంత్రంలో సాధన చేయాలంటే ట్యాంక్ బండ్‌కు వెళ్లండి. సూర్యుడు హుస్సేన్ సాగర్ అవతల పడమట దిగుతాడు, బుద్ధ విగ్రహం మీకూ వెలుగుకూ మధ్యన ఉంటుంది. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 కదపకండి. సూర్యుడు ఫ్రేమ్‌లో లేకుండా పక్క ఆకాశాన్ని కొలిచి ఆ షట్టర్‌తో తీస్తే విగ్రహం నల్లటి గీతలా తేలుతుంది. మూడు స్టాపులు పెంచి ఇంకోటి తీయండి, తెల్ల గ్రానైట్ వివరాలు బయటికొస్తాయి, ఆకాశం పోతుంది. సూర్యాస్తమయం తర్వాత ఐదు నిమిషాలకోసారి కొలిచి షట్టర్ అంకె రాసుకోండి. మన దగ్గర సంధ్య ఇరవై పాతిక నిమిషాల్లో ముగిసిపోతుంది, అంకెలు స్టాపుల మీద స్టాపులు పడిపోతాయి. పదిహేను ఇరవై నిమిషాల దగ్గర ఆకాశపు నీలమూ దీపాల వెలుగూ ఇంచుమించు సమానమవుతాయి. అప్పటికి షట్టర్ సెకన్లలోకి వచ్చేసి ఉంటుంది. కెమెరాను ట్రైపాడ్ మీద బిగించి, పాత లెన్స్ అయితే స్టెబిలైజర్ ఆపేసి, రెండు సెకన్ల టైమర్ పెట్టి నొక్కండి. బండ్ మీద బస్సు పోతే కిందినుంచి అదురు వస్తుంది, అది దాటేదాకా ఆగండి.